పెళ్ళికి అడ్డుపడిన గోలు

ఈ వార్త నాకు మొదట తెచ్చింది మా రేపల్లెలో నర్సు పని చేసే సరోజిని. నేను టైఫాయిడుతో మంచం పట్టినప్పుడు మా ఇంట్లోవాళ్ళందరూ దేవుడి మీద భారం వేసి నిద్రపోతే, దేవుడు ఆ భారాన్ని ఈ పిల్ల మీద వేశాడు. జ్వరం దిగేదాకా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ నా తల దగ్గర కూర్చుంది. అందుకని ఆ పిల్ల ముఖం చిన్నబోతే నాకు ముద్ద దిగదు.

ఒక సాయంత్రం వచ్చి, "అమ్మగారూ, నా పెండ్లి ఆగిపోయినాది" అంది.

సరోజిని తండ్రి యోహానప్పది అనంతపురం జిల్లా గార్లదిన్నె పక్కన పల్లె. పెళ్ళికొడుకు ప్రసాదు ఇక్కడే కాంపౌండరు. అతని తండ్రి దానియేలుది అదే జిల్లాలో నల్లమాడ. పెద్దవాళ్ళిద్దరూ వయసులో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు. వాళ్ళ మతంలో పెళ్ళికి ముందు కొన్ని ఆదివారాలు పాస్టరుగారు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారట. అడగడం ఆచారం, ఎవరూ లేవకపోవడం కూడా ఆచారమే. మొదటి ఆదివారమే పెళ్ళికూతురి తండ్రి లేచి నిలబడ్డాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"'అభ్యంతరం ఉండాదయ్యా' అన్యాడంట మా నాయన. 'పిల్లోని మీద ఏమీ లేదు. వాళ్ళ నాయన ఆ పొద్దు కొట్టింది గోలు కాదు. అది ఒప్పుకోవల్ల' అన్యాడంట."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఈ మాట నల్లమాడ చేరేసరికి దానియేలు, అది గోలేననీ, శ్రమకాలం మొదలయ్యేలోపు ఆ అభ్యంతరం వెనక్కి తీసుకోకపోతే కొడుక్కి వేరే సంబంధం చూస్తాననీ కబురు పెట్టాడు. ఈస్టరు ముందు వచ్చే ఆ ఉపవాసపు రోజుల్లో వాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు. ఇంకో పక్షం రోజులైనా లేదు.

నాకు కదిరి నరసింహస్వామి మొక్కు ఉంది. జ్వరం తగ్గితే దర్శనానికి వస్తాననీ, వచ్చేదాకా అన్నం ముట్టననీ మొక్కుకున్నాను. "కదిరి వెళ్ళే దారిలో గార్లదిన్నె చూసి వెళదాం" అన్నాను మావారితో. ఆయన పటం తీసి చూసి, "దారిలో కాదు" అన్నారు. "దారి మనదే కదా" అన్నాను. ఆయన నిట్టూర్చి సెలవు చీటీ రాసుకున్నారు. అందుకు ఆయనకు ఇక్కడే కృతజ్ఞత చెప్పుకుంటున్నాను, ఎదురుగా చెబితే ఒప్పుకోరు.

గార్లదిన్నె

అనంతపురం జిల్లా అంటే మా వైపు వాళ్ళకు తెలిసింది ఒక్కటే, అక్కడ వాన పడదని. అది తప్పు. పడుతుంది. ఎప్పుడెప్పుడు పడిందో ఊళ్ళో అందరికీ గుర్తుంటుంది. మేము చుట్టాలను తలుచుకున్నట్టు వాళ్ళు వానలను తలుచుకుంటారు: మా చిన్నోడు పుట్టిన పొద్దు వాన, రెడ్డిగారి ఎద్దు పోయిన యేటి వాన.

యోహానప్ప భార్య రత్నమ్మ మాకు చెంబుతో నీళ్ళిచ్చింది. నేను తాగి, అలవాటు చొప్పున అడుగున మిగిలినవి వాకిట్లో పారబోయబోయాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, చెంబు తీసుకుని, ఆ రెండు గుక్కలూ మిరప మొక్కకు పోసింది. కాలువ పక్కన పుట్టిన చెయ్యి నాది, సిగ్గుపడింది.

నా మొక్కు సంగతి రేపల్లెలో విన్న ఆడవాళ్ళు నాకు దణ్ణం పెట్టినంత పని చేశారు. రత్నమ్మతో చెబితే "సరే మా" అని రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. చెనిక్కాయలంటే వేరుశనగ. "పండగ పొద్దు తప్ప మేమూ అన్నం ముట్టం. అది మొక్కని మాకెవురూ చెప్పలేదు" అంది. అంతటితో నా తపస్సు గర్వం అణిగిపోయింది. సంగటి మాత్రం అమృతం. మావారు నమలబోయి ఇబ్బంది పడితే, "నమిలేది కాదు నాయనా, మింగల్ల" అని యోహానప్ప చేసి చూపించాడు.

యోహానప్ప పొడుగాటి మనిషి, చేతులు మరీ పొడుగు. గోలు కాసే గోలీ. మాటల మధ్యలో రత్నమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒక ఉల్లిగడ్డ విసిరింది. ఆయన అటు చూడకుండానే చెయ్యి చాపి పట్టుకుని, మావారి కంచంలో పెట్టాడు. మా వైపు మగవాళ్ళ మీదికి ఉల్లిపాయ విసిరితే కథ వేరే విధంగా ముగుస్తుంది.

"నేను ఆడే పొద్దు గోలుకు వల లేదు, పైన కట్టె లేదు. రెండు వెదుళ్ళు, వాటికి అడ్డంగా ఒక తాడు. గాలి కొడితే తాడు మీదికీ కిందికీ. గోలా కాదా అని గాలిని అడగల్ల" అన్నాడు.

"బూట్లు వేసుకునేవారా?" అన్నారు మావారు.

"యాడివి నాయనా. బళ్ళారి సోల్జర్లతో ఆడితిమి. వాళ్ళకు బూట్లు, మాకు కాళ్ళు. ఈ యేలు వాళ్ళ కెప్టెన్ విరిచినాడు. ఆట అయినాక మెచ్చుకోని వచ్చి చెయ్యి కలిపినాడు, అప్పుడు ఈ యేలు విరిగినాది."

ఆట మానేశాక ఏం పని చేశారని అడిగాను. "ఇటుకలు పట్టే పని. కిందనుంచి విసురుతారు, మిద్దె మీద నిలబడుకోని పట్టల్ల. ఒక్కటీ జారలేదు. ఒక్కటి జారింటే కిందోని తల యాడుండాది?" ఆ మాట అంటున్నప్పుడు ఆయన చాతీ కొంచెం పెరిగింది.

"మరి ఆ గోలు..." అన్నాను మెల్లగా.

రత్నమ్మ గరిటె కింద పెట్టి లేచింది. "ఇంగ ఆయప్ప సంగటి సల్లారినట్లే" అని బయటికి వెళ్ళిపోయింది.

"కదిరిలో కప్పు మ్యాచి మా" అన్నాడు యోహానప్ప. "దానియేలూ నేనూ ఒకే హాస్టల్లో సంగటి తిన్నోళ్ళం. ఆ పొద్దు మాత్రం ఆయప్పది నల్లమాడ టీము, నాది గార్లదిన్నె టీము. వరసగా రెండేండ్లు వాన లేదు. గోలు లేకుండా ఆట అయిపోతాది అనగా నా ముక్కు మీద ఒక చుక్క పడె. ఇంగ చూస్కో, ఆకాశం తెగినట్ల వాన. జనమంతా లేసి చేన్లకు పరుగు. గొర్రు కట్టల్ల కదా, విత్తనం ఏయల్ల కదా. ఆడేటోళ్ళూ పాయిరి. నేను రెండు చేతులూ ఎత్తి 'ప్రభువా, వందనాలు' అంటి. నా చేతులు మీదికి పోయినాయి, ఆయప్ప బంతి కిందికి పోయినాది. దేవునికి వందనం చెప్పే మనిషి పక్కన బంతి తన్నేది గోలా? మీ గుళ్ళో అట్ల చేస్తారా?"

"మా గుళ్ళో బంతి ఆడరండీ" అన్నాను. ఆ కప్పు ఎవరికి వచ్చిందని అడిగితే, ఎవరికీ ఇవ్వకుండా, కప్పు చేయించిన దాతే తనింటికి పట్టుకుపోయాడనీ, వాళ్ళింట్లో అందులో విభూది పోసుకున్నారనీ చెప్పాడు.

"ఇన్నాళ్ళూ ఊరుకుని, చర్చిలో ఎందుకు లేచారు?"

"ఇంగ యాడ అడుగుతారు మా, అభ్యంతరం ఉండాదా అని? ఇరవై ఏండ్లలో నన్ను ఎవురూ అడగలేదు. ఆ పొద్దు పాస్టరయ్య అడిగినాడు. చెప్తి."

అంతలోనే గొంతు తగ్గించి, "పిల్ల మంచోన్నే ఎన్నుకున్యాది. దానియేలు ఒక్క మాట అనల్ల, గోలు కాదు అని. నన్ను ఇప్పటికీ వాన గోలీ అంటాండారు. పట్టలేక ఇడిస్తి అనుకుంటాండారు. రిఫరీకి ఏటా గంప చింతపండు పంపుతాండా, చూసింది చెప్పమని. ఆయప్ప నోరే ఇప్పడు" అన్నాడు.

కదిరి

స్వామి దర్శనం చల్లగా జరిగింది. సరోజిని పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టాను. ఆ పిల్ల వేరే దేవుడికి చెందినదని స్వామికి తెలుసు, అయినా విన్నట్టే అనిపించింది.

మొక్కు తీరింది కదా అని హోటలుకు వెళ్ళి అన్నం తెప్పించుకుంటే, రెండు ముద్దలకే చాలనిపించి సంగటి గుర్తుకొచ్చింది. ఈ మాట మావారితో అంటే, "మళ్ళీ ఏ మొక్కూ మొక్కకు" అన్నారు. ఆయన అక్కడ ఉగ్గాని తిన్నారు. తడిపిన బొరుగులకు పోపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. అణాకు అంత పెద్ద పొట్లం మా వైపు రాదు, అంత పెద్ద కారమూ రాదు. బజ్జీ కొరికిన తర్వాత నల్లమాడ బస్సు ఎక్కేదాకా ఆయన నాతో మాట్లాడలేదు. కోపం కాదు, నాలుక పని చేయలేదు.

నల్లమాడ

దానియేలు పొట్టి మనిషి. దొడ్డికాళ్ళు. నడుస్తుంటే దారిలో రాయి కనిపిస్తే తన్నకుండా పోలేడు. పక్కన నడిచిన మావారి పిక్కకు రెండు గులకరాళ్ళు తగిలాయి. "నీకు కాదు నాయనా, ఆ కంపచెట్టుకు కొడితి" అని ఆయన క్షమాపణ.

ఫుట్‌బాల్ ఆయనకు అన్నం పెట్టింది. కోలారు బంగారు గనుల్లో బాగా ఆడేవాళ్ళకు పని ఇచ్చేవాళ్ళట. "గనిలోకి దిగుతే చీకటి, మైదానంలోకి దిగుతే ఎండ. నేను ఎండనే ఎన్నుకుంటి. ఆ పొద్దు నా కాలు చూసి దొర కూడా నవ్వె. బంతి పోయినంక నవ్వలేదులే." బొటనవేలి గోరు ఎప్పుడో పోయింది. ఆ వేలిని ఆయన మా కంటి ముందు పెట్టి, పతకం చూపించినట్టు చూపించాడు.

గోలు మాట నేనెత్తకముందే ఆయనే ఎత్తాడు. "యోహాను దగ్గర నుంచి వస్తాండారు కదా. వందనాలు కథ చెప్పినాడా? నేను కాలు ఎత్తినంక వాన పడినాది మా. ఎత్తిన కాలు యాడ దించేది? ఆయప్ప దేవునికి వందనాలు చెప్పినాడు, దేవుడు నా బంతిని లోపలికి తోసినాడు. దేవుని మీద అభ్యంతరం ఉంటే నాకేం?"

"పిల్లల కోసం కాదనేయకూడదా అన్నా?" అన్నాను.

దానియేలు ఒక గులకరాయిని కాలితో దొర్లించాడు. "గోలు కొట్టి ఎనక్కి తిరిగితి. ఎగిరి కావలించుకునేకి మావోళ్ళు ఒక్కడూ లేడు. అందరూ చేన్లకు పాయిరి. ఆ యేడే మోకాలు పోయినాది. నా బతుకులో కడపటి గోలు అదే మా. చూసినోడు యోహాను ఒక్కడే. ఆ ఒక్కడూ కాదంటే, నేను కొట్టినట్లా కొట్టనట్లా?"

నాకు యోహానప్ప మాటా సబబే అనిపించింది, ఈయన మాటా సబబే అనిపించింది. న్యాయం చెప్పడానికి వచ్చినవాళ్ళకు ఇంతకంటే కష్టం లేదు.

"రిఫరీ చూసి ఉంటారు కదా" అన్నారు మావారు.

"శెట్టి మాస్టరు. తనకల్లులో ఉండాడు. ఆ వానలో బారెడు దూరంలో మనిషి కనపడలేదు, ఈల ఊదినాడో లేదో ఇనపడలేదు. అడుగుతే నవ్వుతాడు. ఏటా ఒక మూట చెనిక్కాయలు పంపుతాండా."

తనకల్లు

సుబ్బయ్య శెట్టి మాస్టరు కదిరిలో డ్రిల్లు మాస్టరుగా చేసి, పని విరమించాక తనకల్లులో చిన్న అంగడి పెట్టుకున్నాడు. దారం ఉండలు, దీపం వత్తులు, బొరుగులు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనా కుర్రతనంలో ఆడినవాడే. పరుగు తగ్గాక ఈల పట్టాడు.

"ఆడేవానికి రెండు కండ్లు చాలు. రిఫరీకి నాలుగుండల్ల. చెవులు మాత్రం అసలు ఉండకూడదు. నన్ను తిట్టిన తిట్లు ఇనింటే ఒక్క ఆట కూడా ముగించలేను" అన్నాడు. ఆయనకు వచ్చే చింతపండూ చెనిక్కాయలూ ఊరి పిల్లల పాలవుతాయట.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన బొరుగులు కొలుస్తూ విన్నాడు.

"నేను గోలు అంటే?"

"యోహానప్పగారు అభ్యంతరం తీయరు."

"కాదు అంటే?"

"దానియేలుగారు వేరే పిల్లను చూస్తారు."

"మరి నేనేం చెప్పల్లమ్మా?"

"నాకు తెలియదు మాస్టారూ. నాకు తెలిసింది ఆ పిల్ల ఒక్కతే" అన్నాను. జ్వరంలో నా పక్కన కూర్చున్న సంగతి చెప్పాను. ఇప్పుడు వార్డులో రోగులతో నవ్వుతూ మాట్లాడి, మందుల గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటోందని కూడా చెప్పాను. ఆయన బొరుగుల కొలత డబ్బా పక్కన పెట్టాడు. లోపలికి వెళ్ళి, ఎప్పటిదో నల్లకోటు తొడుక్కుని వచ్చి, అంగడికి తాళం వేశాడు. "పదండి" అన్నాడు.

దారి పొడుగునా ఏం చెబుతాడో చెప్పలేదు. పక్కన కూర్చున్న గొర్రెల కాపరితో మేత గురించి మాట్లాడాడు. నేను కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకున్నాను. ఏం కోరాలో తెలియలేదు. ఎవరిని గెలిపించమన్నా పెళ్ళి ఆగుతుంది. "మీ ఇష్టం" అని ఊరుకున్నాను.

మళ్ళీ గార్లదిన్నె

శ్రమకాలానికి ముందు అదే ఆఖరి ఆదివారం. శెట్టి మాస్టరు తీర్పు చెబుతాడని తెలిసి దానియేలు నల్లమాడ నుంచి వచ్చి ఒక పక్క కూర్చున్నాడు. యోహానప్ప ఇంకో పక్క. మేము ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడ్డాం. పాస్టరుగారు పేర్లు చదివి, "ఎవరికైనా అభ్యంతరం..." అని ఇంకా పూర్తిచేయకముందే యోహానప్ప లేచాడు.

మాస్టరు చెప్పులు బయట విడిచి లోపలికి నడిచాడు. "అయ్యా, నన్ను రొంత చెప్పనీండి. ఆ పొద్దు రిఫరీ నేను."

చర్చిలో దగ్గుతున్నవాళ్ళు కూడా ఆగారు.

"గోలా కాదా నాకు ఎరిక లేదు" అన్నాడు మాస్టరు. "నేను ఆడ లేను. చుక్క పడతానే ఈల జేబులో ఏసుకోని మా చేనికి పరిగెత్తితి. కదిరి బయట రెండెకరాలు. మూడో సాలు దున్నేతలికి మీ ఆట అయిపోయింటాది. రిఫరీ లేనిది ఆటే కాదు. చెప్పుకునేకి సిగ్గై ఇన్నేండ్లు గమ్మునుంటి."

మొదట నోరు తెరిచింది దానియేలు. "పారిపోతివా?"

"పోతి."

"పారిపోయి, నా చెనిక్కాయలు ఎట్ల తింటివప్పా?"

"నా చింతపండు?" అన్నాడు యోహానప్ప, బెంచీల మధ్య నుంచి ముందుకు వస్తూ. "ఏటా గంప మోపించి పంపితి కదప్పా. నిజం చెప్తాడని పంపితి. పారిపోయినోనికి పులుసు పోసినట్లాయె."

"చూస్తివా యోహానూ, నేను మూటకు మంచియి ఏరి పోసేటోన్ని. పుచ్చుగింజ ఒక్కటి లేకుండా."

"నేను గింజ తీసి పంపేటోన్ని దానియేలూ. మా రత్నమ్మ తిడతాండినా ఇనలేదు."

"మన ఇద్దర్నీ ఇరవై ఏండ్లు ఆడించినాడు ఈయప్ప."

"జనం పాయిరి, ఆడేటోళ్ళు పాయిరి, కడాకు రిఫరీ కూడా పాయె. ఆ వానలో నిలబడింది ఎవురు?"

దానియేలు లేచి యోహానప్ప దగ్గరికి వచ్చాడు. "మనమిద్దరమే అప్పా" అన్నాడు. "మనమిద్దరమే నిలబడితిమి."

యోహానప్ప పొడుగాటి చెయ్యి దానియేలు భుజం మీద పడింది. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి మాస్టరును తిట్టడం మొదలుపెట్టారు. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. ఒకే టీములో ఆడుతున్నట్టు బంతి అటూ ఇటూ అందించుకున్నారు. మాస్టరు తల వంచుకుని నిలబడ్డాడు. రత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

పాస్టరుగారు చాలాసేపు ఓపిక పట్టి, "యోహానప్పా, అభ్యంతరం ఉందా, లేదా?" అన్నారు.

"ఎవురి మీద?"

"పెండ్లి మీద."

"పెండ్లి మీద ఏముండాది అయ్యా. రొంత గమ్మునుండు, ఈ శెట్టి సంగతి తేలనీ."

శ్రమకాలం మొదలయ్యేలోపే పెళ్ళి జరిగింది. మేము వెళ్ళలేకపోయాం, మావారి సెలవు అయిపోయింది. ఓళిగలు రైల్లో వచ్చాయి. ఓళిగలంటే మన బొబ్బట్లే, వెడల్పు ఎక్కువ.

బస్సు కోసం

ఆ ఆదివారం మధ్యాహ్నం మాస్టరూ మేమూ రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డాం. చర్చి నుంచి వస్తున్న కుర్రాళ్ళు ఆయన్ని చూసి "మాస్టరూ, మబ్బు పట్టినాది, చేనికి పోవా?" అని నవ్వుకుంటూ పోయారు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆయన కూడా నవ్వాడు.

మావారు తాలూకా కచేరీ మనిషి. భూమి మాట వింటే వివరం అడగకుండా ఉండలేరు. "మీ రెండెకరాలూ కదిరికి ఏ వైపండీ?" అన్నారు.

"చేనా?" అన్నాడు మాస్టరు. "నాకు యాడిది నాయనా చేను? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. డ్రిల్లు మాస్టరు జీతానికి పూలకుండీ కూడా రాదు."

మాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే ఆ రోజు మీరు..." అన్నాను.

"యాడికి పోదును తల్లీ? వానలో తడుసుకుంటా గోలు పక్కనే నిలబడుకోనుంటి."

"చూశారా?"

"రిఫరీకి నాలుగు కండ్లంటిని కదా."

"మరి అది గోలా మాస్టారూ, కాదా?"

అంతలో బస్సు వచ్చింది. ఆయన నా సంచి అందుకుని లోపల పెట్టి, "ఆ పక్క కిటికీ దగ్గర కూచో తల్లీ. ఈ పక్క ఎండ కొడతాది" అన్నాడు. తర్వాత కదిరిదాకా నిద్రపోయాడు. నిద్రపోయాడో, కళ్ళు మూసుకున్నాడో నేను చెప్పలేను.

ఆ తర్వాత ఆయనకు చింతపండూ రాలేదు, చెనిక్కాయలూ రాలేదు. ఆటలు జరిగినచోటల్లా 'వానకు పారిపోయిన రిఫరీ' అన్న పేరు మాత్రం ఉండిపోయింది. మేమిద్దరం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సరోజినికి కూడా చెప్పలేదు. మాస్టరు పోయారని ఈ మధ్యే ఆమె ఉత్తరం రాసింది. వియ్యంకులిద్దరూ కలిసి వెళ్ళి పాడె మోశారట, దారంతా కలిసి తిట్టుకుంటూనే మోశారట.

గార్లదిన్నెలో గానీ నల్లమాడలో గానీ ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, దయచేసి చర్చి దగ్గరే ఆపేయండి. మిగిలినవాళ్ళు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు తనకల్లు సుబ్బయ్య శెట్టి మాస్టరును ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఆ వానలో ఎక్కడికీ పోలేదు.